ట్రాక్ కారుకు ఒడిస్సీ పీసీ-680: తేలికైన బ్యాటరీ ఎంపిక, సంరక్షణ

ట్రాక్ మీద నడిపే కారులో బరువు తగ్గించే పని పెట్టుకున్నవారు వెనక సీట్లు, కార్పెట్లు, స్టెప్నీ తీసేసిన తరువాత తప్పకుండా చూడవలసిన వస్తువు బ్యాటరీ. మామూలు కార్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ 14 నుంచి 20 కిలోల దాకా తూగుతుంది. పైగా చాలా కార్లలో అది బానెట్ కింద ఒక మూలన, ముందు ఇరుసుకు పైనో ఇంకా ముందుకో, నేలకు బాగా ఎత్తున ఉంటుంది. మలుపు తీసుకునేటప్పుడు కారు ముందుభాగాన్ని మొండికేయించేది అలాంటి చోట ఉన్న బరువే కనుక, అక్కడ తగ్గిన ఒక్కో కిలో కారు మధ్యలో తగ్గిన కిలో కన్నా ఎక్కువ పని చేస్తుంది. కోత, వెల్డింగు ఏమీ లేకుండా, చేతిలో స్పానర్లతో కాసేపట్లో ఎనిమిది తొమ్మిది కిలోలు దించగలిగే అవకాశం కారులో ఇంకెక్కడా దాదాపుగా దొరకదు.

ఈ పనికి ఎక్కువమంది ఎంచుకునే బ్యాటరీల్లో ఎనర్‌సిస్ సంస్థ తయారుచేసే ఒడిస్సీ పీసీ-680 ఒకటి. కొన్నిచోట్ల దీన్నే ఓడీఎస్-ఏజీఎం16ఎల్ అన్న పేరుతో అమ్ముతున్నారు. బరువు 7 కిలోలు. పొడవు సుమారు 185 మిల్లీమీటర్లు, వెడల్పు 79, ఎత్తు టెర్మినళ్లతో కలిపి 190 చిల్లర. ఇది ఏజీఎం తరహాది, అంటే యాసిడ్ ద్రవంగా తొణకకుండా పలకల మధ్య ఉన్న గాజునార పొరల్లో ఇంకిపోయి ఉంటుంది. లోపలి పలకలు దాదాపు స్వచ్ఛమైన సీసంతో, మామూలు బ్యాటరీల్లోకన్నా పలుచగా, ఎక్కువ సంఖ్యలో ఉండటం వల్ల ఇంత చిన్న పెట్టె నుంచి క్షణంలో వందల ఆంపియర్లు బయటికి రాగలుగుతాయి. పక్కకు పడుకోబెట్టి బిగించినా ఫరవాలేదు. తలకిందులుగా మాత్రం పెట్టకూడదు.

పేరులోని 680 అంకె చూసి చాలామంది దీన్ని 680 ఆంపియర్ల సీసీఏ (కోల్డ్ క్రాంకింగ్ ఆంప్స్, అంటే చలిలో ఇంజనును తిప్పడానికి ఇవ్వగలిగే కరెంటు) ఉన్న బ్యాటరీగా భావించి కొంటారు. అది నిజం కాదు. వేడిగా ఉన్న స్థితిలో ఐదు సెకన్లపాటు ఇవ్వగలిగే కరెంటు అది. సీసీఏ అన్నది దీనికన్నా ఎంతో కఠినమైన కొలత: వాహన ఇంజనీర్ల సంఘమైన ఎస్ఏఈ పద్ధతి ప్రకారం మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ చలిలో, 30 సెకన్లపాటు, వోల్టేజీ 7.2 కన్నా కిందికి జారకుండా ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో చూస్తారు. ఆ కొలత ప్రకారం ఈ బ్యాటరీ విలువ 170 మాత్రమే. తయారీదారు సీసీఏ విలువను కూడా ప్రకటిస్తూనే ఉన్నారు కనుక ఇందులో దాపరికమేమీ లేదు. కానీ పేరులోకి పెద్ద అంకె ఎక్కింది కనుక, రెండు వేర్వేరు తయారీల బ్యాటరీలను పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు ఏ అంకె ఏ షరతుల కింద కొలిచారో ముందు తేల్చుకోవాలి. తేలికైన బ్యాటరీల విషయంలో కొనుగోలుదారు చేయవలసిన మొదటి పని ఇదే.

అయితే 170 సీసీఏతో ఇంజను స్టార్ట్ అవుతుందా అంటే, రెండు లీటర్ల లోపు నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను గడ్డకట్టే చలి లేని వాతావరణంలో నిక్షేపంగా స్టార్ట్ అవుతుంది. సెల్ఫ్ మోటారు 200 ఆంపియర్ల చొప్పున రెండు సెకన్లు లాగిందనుకుంటే ఖర్చయ్యేది 400 ఆంపియర్-సెకన్లు, అంటే 0.11 ఆంపియర్-అవర్ (ఒక ఆంపియర్ కరెంటు గంటసేపు ఇస్తే ఒక ఆంపియర్-అవర్). బ్యాటరీ మొత్తం సామర్థ్యం 16 ఆంపియర్-అవర్లు కనుక ఒక స్టార్టుకు అయ్యే ఖర్చు లెక్కలోకి రానంత చిన్నది. అసలు ప్రశ్న కరెంటును వోల్టేజీ పడిపోకుండా ఇవ్వగలదా అన్నది. దీని అంతర్నిరోధం సుమారు 7 మిల్లీఓములు. 200 ఆంపియర్ల దగ్గర 1.4 వోల్టుల తగ్గుదల. కేబుళ్లలో, ఎర్తులో పోయేది కూడా కలుపుకున్నా సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు పది వోల్టుల పైన నిలబడుతుంది, ఈసీయూకూ (ఇంజనును నడిపే కంప్యూటర్) ఇంజెక్టర్లకూ అది చాలు. పెద్ద వీ8 ఇంజన్లకు, ఎక్కువ కంప్రెషన్ ఉన్న డీజిళ్లకు, తెల్లవారుజామున మంచు పట్టే చోట్ల ఆరుబయట నిలిపే కార్లకు దీన్ని నేను సిఫారసు చేయను. అలాంటి కార్లకు ఇదే శ్రేణిలోని పెద్ద బ్యాటరీ తీసుకుని, తగ్గే బరువు కొంత వదులుకోవడమే సరైన నిర్ణయం.

ఈ బ్యాటరీ ఓర్పుకు పరీక్ష స్టార్ట్ చేసేటప్పుడు కాదు, సెషన్ ముగిసిన తరువాత ఎదురవుతుంది. కారు ప్యాడాక్‌లోకి (ట్రాక్ పక్కన కార్లు నిలిపే చోటికి) వచ్చి ఆగింది. ఇంజను ఆపేశారు. అప్పటిదాకా గాలి వేగంతో చల్లబడిన రేడియేటర్ మీదికి ఇప్పుడు ఇంజనులోని వేడంతా ఎగదన్నుకుని వస్తుంది. నీళ్ల ఉష్ణోగ్రత ముల్లు ఆగిన తరువాత కూడా కాసేపు పైకే పోతుంది. ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఆగకుండా తిరుగుతుంది. డేటా లాగర్ (కారు కొలతలను నమోదు చేసే పరికరం) నుంచి ల్యాప్ వివరాలు దించుకోవడానికి ఇగ్నిషన్ ఆన్‌లోనే ఉంచుతారు, దాంతో కొన్ని కార్లలో ఫ్యూయల్ పంపు కూడా నడుస్తూనే ఉంటుంది. అన్నీ కలిపి 25 ఆంపియర్లు లాగడం పెద్ద విశేషమేమీ కాదు. ఆ 25 ఆంపియర్ల లోడు మీద ఎంతసేపు నిలుస్తుందో చెప్పే కొలతే రిజర్వ్ కెపాసిటీ. పీసీ-680కి అది 24 నిమిషాలు. గమనించండి, 25 ఆంపియర్లను 24 నిమిషాలతో లెక్కకడితే వచ్చేది 10 ఆంపియర్-అవర్లే, పదహారు కాదు. వేగంగా లాగే కొద్దీ లెడ్ బ్యాటరీ తన సామర్థ్యంలో కొంత భాగాన్ని ఇవ్వలేదు. కనుక పది నిమిషాలు ఫ్యాన్ తిరిగిందంటే అందుబాటులో ఉన్నదానిలో నలభై శాతం ఖర్చయినట్టే. పూర్తి సైజు బ్యాటరీతో అలవాటైన చేతులు ఇగ్నిషన్ ఆన్‌లో వదిలేసి టైర్ల గాలి చూసుకుంటూ ఉండిపోతాయి. ఆ అలవాటును ఈ బ్యాటరీ క్షమించదు. చివరి ల్యాప్‌ను నెమ్మదిగా నడిపి ఇంజనును చల్లార్చి తీసుకురావడం, ఆగిన తరువాత ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపడం, లాగర్‌కు విడిగా చిన్న పవర్ బ్యాంకు పెట్టుకోవడం చేస్తే ఈ సమస్య దాదాపు ఉండదు.

ఇక ఏడు కిలోలకే ఎందుకు ఆగాలి, లిథియం పెడితే మూడు నాలుగు కిలోలకు రావచ్చు కదా అన్న ప్రశ్న తప్పక వస్తుంది. ట్రాక్ కార్లకు అమ్మే 12 వోల్టుల లిథియం బ్యాటరీలు ఎక్కువగా లిథియం ఐరన్ ఫాస్ఫేట్ తరహావి: 3.2 వోల్టుల సెల్సు నాలుగు వరుసగా, మొత్తం 12.8 వోల్టులు. పెద్ద తయారీదారులూ ఈ దారి పట్టారు. 2010లో పోర్షే సంస్థ 911 జీటీ3, జీటీ3 ఆర్ఎస్, బాక్స్‌టర్ స్పైడర్ కార్లకు ఆరు కిలోల లోపు బరువున్న లిథియం స్టార్టర్ బ్యాటరీని అదనపు సదుపాయంగా ఇచ్చింది. మామూలు బ్యాటరీ కన్నా పది కిలోలకు పైగా తేలిక, సామర్థ్యం 18 ఆంపియర్-అవర్లు. ఆ కార్లతోపాటు మామూలు లెడ్ బ్యాటరీని కూడా ఇచ్చి, చలికాలంలో దాన్ని పెట్టుకోమన్నారు. తన సొంత కారుకు తానే రూపొందించిన బ్యాటరీ విషయంలోనే అంత జాగ్రత్త తీసుకున్నారంటే, ఎవరి కారులో ఎలాంటి ఆల్టర్నేటర్ (ఇంజను తిరుగుతుండగా బ్యాటరీని నింపే జనరేటర్) మీద బిగిస్తారో తెలియకుండా అమ్మే బ్యాటరీ విషయంలో మనం ఇంకెంత జాగ్రత్తగా ఉండాలో ఆలోచించాలి.

లిథియం సుగుణాలు నిజమైనవే. సెల్ఫ్ కొట్టినప్పుడు వోల్టేజీ పడిపోవడం చాలా తక్కువ, అందువల్ల ఇంజను చురుగ్గా తిరుగుతుంది. తనంతట తాను దిగిపోయే గుణం కూడా తక్కువే. ఇబ్బందులు వేరే చోట్ల ఉన్నాయి. మొదటిది, కొందరు తయారీదారులు లేబుల్ మీద అసలు ఆంపియర్-అవర్లకు బదులు లెడ్ బ్యాటరీతో సమానమైన విలువ అంటూ మూడింతల అంకె వేస్తారు. 24 అని రాసి ఉన్నదానిలో అసలు ఉన్నది ఎనిమిదే కావచ్చు. స్టార్ట్ చేయడం వరకు ఆ పోలిక కొంత సమంజసమే కానీ, పైన చెప్పిన ఫ్యాన్‌కు కావలసింది అసలు ఆంపియర్-అవర్లు. ఎనిమిది ఆంపియర్-అవర్ల బ్యాటరీ మీద 25 ఆంపియర్లను పది నిమిషాలు నడిపితే సగం ఖాళీ అవుతుంది. రెండవది, దీని వోల్టేజీ గీత చాలావరకు బల్లపరుపుగా ఉంటుంది. మూడొంతుల ఛార్జి ఉన్నప్పుడు చూపే వోల్టేజీకీ, సగం కన్నా తగ్గినప్పుడు చూపేదానికీ మధ్య తేడా వోల్టులో పదో వంతుకు అటూ ఇటూ మాత్రమే కనుక, మల్టీమీటర్ పెట్టి చూసి ఎంత మిగిలిందో చెప్పడం కష్టం. మూడవది, సున్నా డిగ్రీలకన్నా చల్లగా ఉన్నప్పుడు ఛార్జి చేస్తే సెల్లు లోపల లిథియం లోహంగా పేరుకుని శాశ్వతంగా పాడవుతుంది. నాలుగవది, అన్నిటికన్నా ముఖ్యమైనది, రక్షణ సర్క్యూట్. దాన్నే బీఎంఎస్ అంటారు. ఛార్జింగ్ వోల్టేజీ 14.6 మించిపోతే, లేదా సెల్లు మరీ ఖాళీ అయితే, అది బ్యాటరీని సర్క్యూట్ నుంచి విడదీస్తుంది. బ్యాటరీకి అది రక్ష, కానీ ఇంజను నడుస్తుండగా బ్యాటరీ హఠాత్తుగా విడిపోతే ఆల్టర్నేటర్ వోల్టేజీని పట్టి ఉంచే ఆధారం పోయి, ఒక్కసారిగా ఎగిసిన వోల్టేజీ ఈసీయూ మీద పడుతుంది. రెగ్యులేటర్ పాతబడిన కారులో ఇది ఊహాజనితమైన ప్రమాదం కాదు.

కనుక నా అభిప్రాయం ఇది. ట్రెయిలర్ మీద వచ్చి, ట్రాక్ మీదే తిరిగి, మళ్లీ ట్రెయిలర్ మీద వెళ్లే కారుకు, ఆల్టర్నేటర్ వోల్టేజీ 14.4 దాటదని కొలిచి నిర్ధారించుకున్న తరువాత, అసలు సామర్థ్యం 15 ఆంపియర్-అవర్లకు తగ్గని లిథియం బ్యాటరీ పెట్టుకోవడం మంచి పనే. రోడ్డు మీద నడుపుకుంటూ ట్రాక్‌కు వెళ్లి, నాలుగు సెషన్లు తిప్పి, అదే కారులో ఇంటికి రావలసినవారికి మిగిలిన ఆ మూడు కిలోల కోసం ఇన్ని షరతులు నెత్తికెత్తుకోవడం అనవసరం. వారికి పీసీ-680 వంటి చిన్న ఏజీఎం బ్యాటరీయే సరైనది. పాత బ్యాటరీ నుంచి దీనికి మారితే తగ్గే బరువుతో పోలిస్తే, దీని నుంచి లిథియానికి మారితే తగ్గేది సగం కూడా ఉండదు.

బిగించే విషయంలో మాత్రం తొందర పనికిరాదు. ఈ బ్యాటరీ పెద్ద బ్యాటరీ కూర్చునే ట్రేలో వదులుగా ఉంటుంది కనుక దానికంటూ సరిపోయే లోహపు క్లాంపు కావాలి. చెక్క ముక్కలు దూర్చి, ప్లాస్టిక్ టైలతో కట్టి ట్రాక్‌కు రావడం తోటి డ్రైవర్ల ప్రాణాలతో చెలగాటమే. కాక్‌పిట్‌లోకి మార్చిన బ్యాటరీల గురించి అంతర్జాతీయ మోటారు క్రీడల సంస్థ ఎఫ్ఐఏ అపెండిక్స్ జె నియమాలు చెప్పేది చూస్తే ఎంత గట్టిగా ఉండాలో అర్థమవుతుంది: లోహపు పీఠం, ఇన్సులేషన్ తొడిగిన రెండు లోహపు పట్టీలు, కనీసం 10 మిల్లీమీటర్ల బోల్టులు, ప్రతి బోల్టు కింద కనీసం 3 మిల్లీమీటర్ల మందం, 20 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం గల రేకు. పోటీల్లో పాల్గొనని కారుకు కూడా ఇదే కొలబద్దగా పెట్టుకోవడం మంచిది. టెర్మినళ్లు ఎం6 బోల్టులవి. కారు పాత కేబుల్ చివర్లకు సరిపోయే ఇత్తడి అడాప్టర్లు విడిగా దొరుకుతాయి. బోల్టులను సుమారు 5.6 న్యూటన్ మీటర్లకు మించి బిగిస్తే సీసంలో కూర్చిన మరలు ఊడివస్తాయి, వదులుగా వదిలితే ట్రాక్ అదురుకు సందు ఏర్పడి నిప్పురవ్వలు వస్తాయి. కనుక ఇక్కడ టార్క్ రెంచ్ వాడాలి. పాజిటివ్ టెర్మినల్‌పై రబ్బరు తొడుగు తప్పనిసరి. షార్ట్ అయితే ఈ చిన్న పెట్టె వెయ్యి ఆంపియర్లకు పైగా వదలగలదు, అది స్పానర్‌ను కూడా ఎర్రగా కాల్చేస్తుంది.

కొందరు బరువు వెనక్కి పోవాలని బ్యాటరీని డిక్కీలోకి మారుస్తారు. పదిహేను కిలోల బ్యాటరీకి ఆ ఆలోచన బాగానే ఉంటుంది. ఏడు కిలోలదానికి లెక్క వేసి చూడాలి. 50 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ మీటరుకు సుమారు 450 గ్రాములు తూగుతుంది. నాలుగు మీటర్లకు రాగి ఒక్కటే 1.8 కిలోలు, పై తొడుగు అదనం. 200 ఆంపియర్ల దగ్గర ఆ పొడవులో సుమారు 0.28 వోల్టులు కూడా పోతాయి. సన్నని తీగ వేస్తే బరువు తగ్గి ఆ నష్టం పెరుగుతుంది. దించిన బరువులో నాలుగో వంతు మళ్లీ తీగ రూపంలో ఎక్కించుకునే బదులు, బ్యాటరీని ఉన్నచోటే కొంచెం కిందికి దించి బిగిస్తే చాలాసార్లు మేలు. బ్యాటరీ ఎక్కడున్నా మాస్టర్ స్విచ్ ఉండాలి. అది బ్యాటరీని వేరుచేయడమే కాక ఇంజనును కూడా ఆపేలా, అదనపు కాంటాక్టులతో ఆల్టర్నేటర్ ఎగిసిపడకుండా కలిపి ఉండాలి. బయటివారు గుర్తుపట్టడానికి తెల్ల అంచు గల నీలి త్రికోణంలో ఎర్రని మెరుపు గుర్తు అతికించాలి.

బానెట్ కిందే ఉంచితే వేడిని పట్టించుకోవాలి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ వైపు ఉన్న గోడకు రేకు కవచం పెట్టడం చిన్న పని, ఫలితం పెద్దది. లోహపు తొడుగుతో వచ్చే రకం కూడా ఉంది. టర్బో ఇంజన్లవారు దాన్నే తీసుకోవాలి.

సంరక్షణ విషయానికి వస్తే, ఈ బ్యాటరీలు వాడకం వల్ల కన్నా నిలవ ఉండటం వల్లే ఎక్కువగా చనిపోతాయి. కారు ఆపి ఉన్నా అలారం, గడియారం, ఈసీయూ కలిపి 50 మిల్లీఆంపియర్లు లాగుతూ ఉంటే రోజుకు 1.2 ఆంపియర్-అవర్లు పోతాయి. అంటే వారం గడిచేసరికి సగం ఖాళీ, రెండు వారాలకు పూర్తిగా ఖాళీ. ఖాళీగా ఉన్న లెడ్ పలకల మీద సల్ఫేట్ గట్టిపడి, తరువాత ఎంత ఛార్జి పెట్టినా పాత సామర్థ్యం తిరిగి రాదు. అదే కారులో మాస్టర్ స్విచ్ తీసి ఉంచితే, మామూలు ఉష్ణోగ్రతలో నెలల తరబడి నిలుస్తుంది. తనంతట తాను దిగే గుణం ఇందులో అంత తక్కువ. కనుక ఇంటికి రాగానే స్విచ్ తీసేయడమే సగం సంరక్షణ.

మిగతా సగం ఛార్జర్. ట్రాక్ మీద ఇరవై నిమిషాల సెషన్‌లో ఆల్టర్నేటర్ చాలావరకు నింపుతుంది కానీ, చివరి కొంత శాతం నిండటానికి గంటలు పడుతుంది. అందుకే ప్రతి ట్రాక్ రోజు తరువాత ఛార్జర్ పెట్టాలి. తయారీదారు సూచన ప్రకారం ఛార్జర్ సామర్థ్యం బ్యాటరీ ఆంపియర్-అవర్లలో కనీసం 40 శాతం ఉండాలి, అంటే ఆరు ఆంపియర్లకు తగ్గకూడదు. మోటారు సైకిళ్లకు వాడే ఒక ఆంపియర్ ఛార్జర్ నిండిన బ్యాటరీని కాపాడుకోవడానికి పనికొస్తుంది, దిగిపోయినదాన్ని లేపడానికి పనికిరాదు. ఛార్జింగ్ వోల్టేజీ 14.1 నుంచి 14.7 మధ్య, నిండిన తరువాత ఫ్లోట్ (నిండుగా నిలిపి ఉంచే వోల్టేజీ) 13.6 దగ్గర ఉండాలి. 15 వోల్టులు దాటించే సల్ఫేషన్ తొలగింపు మోడ్‌లను దీనికి వాడకూడదు. లిథియం బ్యాటరీ ఉన్నవారైతే అలాంటి మోడ్ ఉన్న ఛార్జర్‌ను దగ్గరికే రానివ్వకూడదు. వారు గుర్తుంచుకోవలసిన మరో తేడా ఏమిటంటే, లెడ్ బ్యాటరీని ఎప్పుడూ నిండుగా నిలవ చేయాలి, లిథియాన్ని మాత్రం సగానికి కొంచెం పైన ఉంచి నిలవ చేస్తే ఎక్కువకాలం మన్నుతుంది.

ఛార్జర్ తీసి ఆరు గంటలైనా ఆగి, అంటే పైపై ఛార్జి సద్దుమణిగిన తరువాత, మల్టీమీటర్ పెడితే ఆరోగ్యంగా ఉన్న పీసీ-680 12.84 వోల్టులో ఇంకొంచెం ఎక్కువో చూపుతుంది. 12.6కు దిగితే మళ్లీ ఛార్జి పెట్టాలి. ఈ సంఖ్య ఛార్జి ఎంతుందో చెబుతుంది కానీ బ్యాటరీ ఎంత ముసలిదైందో చెప్పదు. దానికి నేను నమ్మే కొలత సెల్ఫ్ తిరుగుతున్నప్పటి కనిష్ఠ వోల్టేజీ. డేటా లాగర్ ఉన్న కారులో అది ఎలాగూ నమోదవుతుంది. లేనివారు కనిష్ఠ విలువను పట్టి ఉంచే మల్టీమీటర్‌తో చూసుకోవచ్చు. కొత్తగా బిగించిన రోజున ఉదయం చల్లని ఇంజను మీద వచ్చిన విలువను రాసిపెట్టుకుని, సీజన్ పొడుగునా అదే పరిస్థితిలో చూస్తూ ఉండాలి. నిండు ఛార్జి ఉండి, కేబుళ్లు, ఎర్తు శుభ్రంగా ఉండి కూడా అది మొదటి విలువ కన్నా ఒక వోల్టు తగ్గితే, లోపలి నిరోధం పెరిగినట్టే. అలాంటి బ్యాటరీ వేడి ఇంజను మీద ఇంకా బాగానే స్టార్ట్ చేస్తుంది. చాలామంది అది చూసి ఇంకో సీజన్ లాగవచ్చనుకుంటారు. సీజన్ మొదలయ్యే ముందే మార్చి, పాతదాన్ని సీసం తిరిగి వాడుకునే చోట ఇచ్చేయాలి. పెట్టె పక్కగోడలు ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం ఏ కొలతా అక్కరలేదు, ఆ రోజే కారులోంచి తీసేయాలి.